ఇంటిపేరు ఎవరిని అడిగి మార్చుకోవాలి?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారాలు. నాకు 34 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2014లో పెళ్లయింది, అప్పటినుంచీ హైదరాబాద్‌లోనే ఉంటున్నాను. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ సెక్షన్‌లో పని. ఎనిమిదేళ్ల పాప ఉంది. రెండేళ్ల క్రితం పాపని తీసుకుని మా ఆయన దగ్గర్నుంచి బయటికి వచ్చేశాను. ఇద్దరం ఒప్పుకునే విడాకులకు వేసుకున్నాం. ఈమధ్యే మొదటి మోషన్, అంటే ఒప్పుకుంటున్నామని ఇద్దరం కోర్టులో మొదటిసారి చెప్పడం, అయింది. రెండోసారి కూడా చెబితేనే విడాకుల డిక్రీ వస్తుంది.

పెళ్లయిన కొత్తలో మా అత్తగారు దగ్గరుండి ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు అన్నిట్లో వాళ్ల ఇంటిపేరు పెట్టించారు. పదో తరగతి, ఇంటర్, బీకాం సర్టిఫికెట్లలో మాత్రం మా నాన్న ఇంటిపేరే ఉంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. నాకు మళ్లీ ఆ పేరుకి వెళ్లిపోవాలని ఉంది. ఆస్పత్రిలో కొత్తవాళ్లు పేరు అడిగితే ఏ ఇంటిపేరు చెప్పాలో తోచక ఒక్క క్షణం ఆగిపోతున్నాను. ఒట్టి పేరు చెప్పి ఊరుకుంటున్నాను.

అమ్మేమో "డిక్రీ చేతికొచ్చేదాకా కదిలించకే, వాళ్లకి కోపమొచ్చి రెండోసారి సంతకం పెట్టకపోతే ఏం చేస్తావ్" అంటుంది. మా వదిన "పాపదో ఇంటిపేరు, నీదో ఇంటిపేరు అయితే స్కూల్లో ఏం చెప్తావ్" అంటుంది. ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లు అభ్యంతరం లేదని భర్త దగ్గర్నుంచి లెటర్ తెమ్మన్నారు. ఆయన తరఫు లాయరు గారు "పేరు మార్చుకుంటే ఇక భరణం అడగడానికి ఉండదు" అన్నారట. వీటిలో ఏది నిజం? ఇప్పుడే మార్చుకోవచ్చా? ఏది ముందు, ఏది వెనక?

— పేరు వేయవద్దు, హైదరాబాద్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం కింద సంతకం రెండుసార్లు ఉంది. మొదటిది పెట్టి కొట్టేశారు. ముందున్న అక్షరం మార్చి దాని కిందే మళ్లీ పెట్టారు. రెండోది కొంచెం వంకరపోయింది, ఇన్నేళ్లుగా చెయ్యి రాయని అక్షరం కదా. పత్రికవాళ్లు మీ పేరు వేయరు, ఆ సంతకం ఎవరికీ కనపడదు. నేను మాత్రం దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు నేను కూడా అలాగే ఒకటి కొట్టేసి ఇంకొకటి పెట్టుకున్నాను.

ముందు మీ భయాలు ఒక్కొక్కటీ చూద్దాం. కాగితాల సంగతి తర్వాత.

పెళ్లయిన ఆడపిల్ల భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం మొదటినుంచి చివరిదాకా చదవండి, ఇంటిపేరు మార్చాలన్న మాట అందులో ఎక్కడా లేదు. మారుస్తున్నది ఆచారం, దానికి తోడు పెళ్లయిన నెలలోనే ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లే పెద్దవాళ్లు. పెట్టుకోవాలని చట్టం అననప్పుడు, తీసెయ్యడానికి భర్త అనుమతి కావాలనడం న్యాయమా? కాదు. అందుకే మీ హెచ్‌ఆర్ వాళ్లు అడిగిన లెటర్ కోసం మీరు ఆయన గుమ్మం ఎక్కనక్కర్లేదు. కంపెనీకి నిజంగా కావలసింది ఒకటే: పాన్‌లో, పీఎఫ్‌లో, జీతం పడే ఖాతాలో పేరు ఒకేలా ఉండాలి. ఆ మూడూ మారేదాకా వాళ్ల రికార్డుల్లో పాత పేరే ఉండనివ్వండి. మెడలో వేసుకునే బ్యాడ్జి మీద, పక్కవాళ్లు పిలిచే పిలుపులో, మీ మెయిల్ కింద రాసుకునే పేరులో ఈ రోజునుంచే పుట్టింటి పేరు వాడుకోవచ్చు. కావాలంటే హెచ్‌ఆర్‌కి మీరే ఒక లెటర్ రాసివ్వండి, "ఈ రెండు పేర్లూ నావే, ఇకనుంచి నన్ను ఇలా పిలవండి" అని. మీ సంతకంతో ఇచ్చే లెటర్ చాలు.

అలాగని ఈ అనుమతి గొడవ ఎక్కడా లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కేంద్ర ప్రభుత్వం తన ప్రకటనలు అచ్చువేసే గెజిట్‌లో పేరు మార్పు వేయించుకోవాలంటే, పెళ్లయిన స్త్రీ పుట్టింటి పేరుకి తిరిగి వెళ్లాలనుకుంటే విడాకుల డిక్రీ అయినా తేవాలి, లేదా భర్త దగ్గర్నుంచి అభ్యంతరం లేదన్న పత్రమైనా తేవాలి అని ఒక నోటిఫికేషన్ పెట్టారు. విడాకుల కేసు నడుస్తున్న ఒకామె దాని మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2024 ఫిబ్రవరిలో కోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజున నాకు ఒళ్లు మండింది. పెళ్లిలో పేరు తీసేసుకునేటప్పుడు ఆడపిల్ల తండ్రి దగ్గర్నుంచి అభ్యంతరం లేదన్న పత్రం ఎవరైనా అడిగారా? వెనక్కి తెచ్చుకునేటప్పుడు మాత్రం మొగుడి సంతకం కావలసివచ్చింది. పోరాడుతున్నవాళ్లున్నారు, అది మనకి ధైర్యం. మీకైతే డిక్రీ దగ్గరపడుతోంది కాబట్టి ఆ దారిన వెళ్లే అవసరం రాదనే నా ఉద్దేశం.

ఇక భరణం. ఆయన తరఫు లాయరు అన్నారని మీరు రాసిన మాట తప్పు. భరణం ఇచ్చేది మీ ఇంటిపేరు చూసి కాదు. ఆయనకి మీరు ఏమవుతారు, ఆయన సంపాదన ఎంత, మీ అవసరం ఎంత, ఇవి చూసి. పాత సీఆర్‌పీసీలో 125వ సెక్షన్ అనేవాళ్లం, 2024 జూలై 1 నుంచి అదే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. విడాకులై మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీని కూడా ఆ సెక్షన్ భార్య కిందే లెక్కవేస్తుంది. అందులో పేరు ప్రసక్తే లేదు. మీ హక్కుకి కోత పడేది ఇంకోచోట. ఇద్దరూ ఒప్పుకుని వేసే పిటిషన్‌లో షరతులు రాసుకుంటారు చూడండి, "ఇంత మొత్తం ముట్టింది, ఇక ముందు ఏమీ అడగను" అని, అక్కడ పడుతుంది. ఆ పేజీ సంతకానికి ముందు మూడుసార్లు చదవండి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, రెండో మోషన్‌కి వెళ్లేలోపు మీ లాయరుతో కూర్చుని ఒక్కో లైనూ చదివించుకోండి. ముఖ్యంగా పాప ఖర్చుల సంగతి. పాపకి తండ్రి ఇవ్వాల్సింది మీరు ఒప్పుకున్నంత మాత్రాన మాఫీ అయిపోదు.

మీ అమ్మగారి భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. రెండో మోషన్‌కి రాకుండా, వచ్చి సంతకం పెట్టకుండా తిప్పించినవాళ్లని పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు వరండాలో ఎంతోమందిని చూశాను. కానీ దానికి మందు పేరు దాచుకోవడం కాదమ్మా, వ్యవధి తగ్గించుకోవడం. మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య ఆరు నెలలు ఆగాలన్నది తప్పనిసరి నిబంధనేమీ కాదని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఇద్దరూ ఏడాదిన్నరకి పైగా విడిగా ఉంటూ, కలపడానికి చేసిన ప్రయత్నాలు ఫలించక, డబ్బు విషయం, పిల్లల విషయం తేల్చుకుని ఉంటే ఆ ఆరు నెలలు మినహాయించమని అడగవచ్చు. మొదటి మోషన్ అయిన వారానికే ఆ పిటిషన్ వేసుకోవచ్చు. మీరు విడిగా ఉండబట్టి రెండేళ్లయింది. ఈ ముక్క మీ లాయరుని రేపే అడగండి. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం, అడగడం మన పని.

ఇక్కడ కొంచెం నా సంగతి చెప్పాలి.

నాది నరసరావుపేట. 1989లో పెళ్లి. పెళ్లికి ముందు మా అమ్మ స్టీలు సామాను కొనింది. గంగాళం, రెండు బిందెలు, ఒక పెద్ద డేగిసా, డజను కంచాలు, గిన్నెలు, గరిటెలు. కొట్టులోనే ఒక కుర్రాడు చిన్న మిషన్ పెట్టుకుని పేర్లు చెక్కుతుండేవాడు. ఆ జర్రుమనే చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఒక్కో గిన్నె తిప్పి పట్టుకుని, అంచు కింద నా పేరు చెక్కాడు, ముందు కాబోయే ఆయన ఇంటిపేరు మొదటి అక్షరం వేసి. పెళ్లికి ఇంకా పది రోజులుంది. మెడలో తాళి పడకముందే గిన్నెల మీద నా ఇంటిపేరు మారిపోయింది. అప్పుడు ఎవరికీ అది వింతగా అనిపించలేదు, నాకూ అనిపించలేదు. మా అమ్మ మురిసిపోయింది.

ఏడేళ్ల తర్వాత విడిపోయి సామాను వెనక్కి అడిగితే, అవతలివాళ్లు బిందె బోర్లించి అక్షరం చూపించారు. "మా ఇంటిపేరుంది, మీవెలా అవుతాయి?" కోర్టు వేసిన కమిషనర్ గారు ఒక్కో గిన్నే లెక్కపెడుతుంటే నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. లాయర్ని, వాదించడం వృత్తిగా ఉన్నదాన్ని, నోట మాట రాలేదు. మా నాన్న ఏడేళ్లు దాచిన కొట్టు బిల్లు ఒకటి ఉండబట్టి బిందెలు ఇంటికొచ్చాయి.

అమ్మ వాటిని మళ్లీ అదే కొట్టుకి తీసుకెళ్లింది. ఆ అక్షరం తీసేయమంది. కుర్రాడు పెద్దవాడయ్యాడు, మిషన్ కొత్తదైంది. "చెక్కింది చెరపలేనమ్మా. అడ్డంగా గీసి పక్కన కొత్తక్షరం వేస్తాను, గీత మాత్రం కనపడుద్ది" అన్నాడు. "కనపడితే కనపడనీ, వెయ్యి" అంది అమ్మ. ఆ బిందెల్లో ఒకటి ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. కొట్టేసిన అక్షరమూ ఉంది, పక్కన నా అక్షరమూ ఉంది.

గిన్నెల మీద అమ్మ వెంటనే మార్పించింది గానీ, కాగితాల మీద నేను ఆరేళ్లు మార్చుకోలేదు. క్లయింట్లకి ఆ పేరే తెలుసు, బార్ కౌన్సిల్‌లో నమోదైంది ఆ పేరే, ఎందుకీ తలనొప్పి అనుకున్నాను. వకాలత్ మీద సంతకం పెట్టిన ప్రతిసారీ గుండెల్లో ఏదో కలుక్కుమనేది. 2002లో మార్చుకున్నాను. ఆరేళ్లు ఎందుకు ఆగానా అని ఇప్పటికీ బాధపడతాను. మీరు అన్నేళ్లు ఆగవద్దు.

ఇప్పుడు వరస చెబుతాను. కొట్టువాడు చెప్పిన మాటే కాగితాలకీ వర్తిస్తుంది. పాత పేరు ఎక్కడా చెరిగిపోదు. పాత పేరుకీ కొత్త పేరుకీ మధ్య అందరూ ఒప్పుకునే ముడి ఒకటి వేసుకోవాలి, అంతే.

ఆ ముడి వేసే చోటు మీ విడాకుల పిటిషనే. అందులో మీ పేరు ఎలా ఉందో చూడండి. ఆధార్‌లో ఉన్నట్టు భర్త ఇంటిపేరుతోనే రాసి ఉంటారు. దాని పక్కన "అలియాస్" అని పుట్టింటి పేరు కూడా ఉండాలి. లేకపోతే రెండో మోషన్‌కి ముందే సవరణ వేయమని మీ లాయరుని అడగండి. డిక్రీలో రెండు పేర్లూ పక్కపక్కన అచ్చయి వస్తే, ఆ తర్వాత ఏ ఆఫీసుకి వెళ్లినా "ఈమే ఆమె అని నమ్మకమేంటి" అన్న ప్రశ్న ఉండదు. షరతుల్లో "భార్య ఇకపై పుట్టింటి పేరు వాడుకుంటుంది, భర్తకి అభ్యంతరం లేదు" అని ఒక వాక్యం కూడా పెట్టమనండి. ఒప్పుకుంటే మేలు. ఒప్పుకోకపోతే ఆ వాక్యం కోసం పేచీ పడకండి, దాని బదులు ఇంకేదీ వదులుకోకండి. ఆ వాక్యం లేకపోయినా పేరు మీదే. ఇంటిపేరు వదులుతాం గానీ బంగారం అడగొద్దు అని బేరాలాడిన కేసులు చూసి చెబుతున్నాను ఈ మాట.

డిక్రీ వచ్చాక కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీలు ఒకేసారి నాలుగు తీసుకోండి. ఒకటి బీరువాలోంచి బయటికి రాకూడదు.

మొదట వెళ్లాల్సింది ఆధార్‌కి. ఇక్కడ చాలా జాగ్రత్త. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. మీ అత్తగారు ఒకసారి వాడేశారు. మీకు మిగిలింది ఒక్కటే. ఆ తర్వాత కావాలంటే ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాలి. అందుకని తొందరపడి, డిక్రీ లేకుండా, సెంటర్‌లో కుర్రాడు ఎలా కొడితే అలా కొట్టించుకుని ఆ ఒక్క అవకాశం పోగొట్టుకోకండి. పదో తరగతి సర్టిఫికెట్ ముందు పెట్టుకుని, ఇంగ్లీషులో ఒక్కో అక్షరం దాంట్లో ఉన్నట్టే ఉందా చూసుకోండి. లక్ష్మిలో "కేఎస్‌హెచ్" ఉందా "ఎక్స్" ఉందా, ఇంటిపేరు పూర్తిగా ఉందా ఒక్క అక్షరమే ఉందా, పేరుకి ముందుందా వెనకుందా. స్క్రీన్ మీద చూసి, రసీదు మీద మళ్లీ చూసి అప్పుడు కుర్చీలోంచి లేవండి. ఒక్క "హెచ్" తేడాతో పీఎఫ్ డబ్బులు ఆగిపోయి ఏడాది తిరిగినవాళ్లున్నారు.

ఆధార్ సరిపోయాక పాన్. పాన్ కార్డులో మామూలుగా తండ్రి పేరే అడుగుతారు, పెళ్లయినా అంతే, కాబట్టి అక్కడ మీ నాన్నగారి పేరు ఎలాగూ ఉండే ఉంటుంది. నంబరు మారదు, పేరొక్కటే మారుతుంది, మీ పాత పన్నుల లెక్కలన్నీ ఆ నంబరు మీదే ఉంటాయి. ఈ రెండూ చేతికొచ్చాక పీఎఫ్, ఆ తర్వాత బ్యాంకు. బ్యాంకులో పేరుతోపాటు సంతకం కూడా కొత్తది ఇస్తారు కదా, ఇచ్చే ముందు నాలుగు రోజులు తెల్లకాగితం మీద రాసి రాసి చెయ్యి కుదుర్చుకోండి. నేను ఆ పని చెయ్యలేదు, మొదటి మూడు చెక్కులూ సంతకం కలవలేదని తిరిగొచ్చాయి. ఓటరు కార్డుకి ఫారం-8 ఇస్తే సరిపోతుంది, అదేమంత పని కాదు.

పాస్‌పోర్టు గురించి చాలామందికి తెలియని మాట ఒకటుంది. 2016 డిసెంబరులో నిబంధనలు మార్చారు. విడిపోయినవాళ్లు, విడాకులైనవాళ్లు భర్త పేరు రాయక్కర్లేదు, అందుకు డిక్రీ చూపించక్కర్లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు రాస్తే చాలు. అయితే అది భర్త పేరు కాలమ్ వరకే. మీ ఇంటిపేరే మార్చి కొత్త పుస్తకం కావాలంటే రీ-ఇష్యూకి పెట్టుకుని డిక్రీ కాపీ ఇవ్వాలి. దగ్గర్లో ప్రయాణం ఏమీ లేకపోతే పాస్‌పోర్టుని అన్నిటికన్నా చివర పెట్టుకోండి.

డిక్రీ బాగా ఆలస్యమై, అప్పటిదాకా ఆగలేననిపిస్తే రాష్ట్ర గెజిట్ దారి ఉంది. హైదరాబాద్‌లో చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయంలో ఆ పని చూస్తారు. అఫిడవిట్, పేపర్ ప్రకటనలు, ఫీజు, తిరగడం ఉంటాయి. మీ పరిస్థితిలో నేనైతే డిక్రీకే ఆగి, ఈలోపు వాడుకలో పేరు మార్చేసుకుంటాను.

ఇదంతా రాసి అసలుది మర్చిపోకూడదు. బ్యాంకు ఖాతాలో, ఎల్‌ఐసీలో, పీఎఫ్‌లో నామినీ ఎవరు? విడాకులైతే నామినీ దానంతటదే మారదు. నా దగ్గరికి ఒకమ్మ వచ్చేది, కాగితాలన్నిట్లో పేరు మార్చుకుంది, పాలసీలో నామినీ సంగతి మర్చిపోయింది. ఆమె పోయాక ఆ డబ్బు కోసం వాళ్ల అమ్మ, డెబ్బై దాటిన మనిషి, మూడేళ్లు కోర్టుకి తిరిగింది. పేరు మార్చిన రోజునే అదే కౌంటర్ దగ్గర నామినీ ఫారం కూడా అడిగి నింపండి.

పాప విషయం. మీ వదినగారితో చెప్పండి, తల్లిదీ పిల్లదీ ఇంటిపేరు వేరైతే స్కూల్లో ఏ ఇబ్బందీ లేదు. జనన ధ్రువపత్రంలో తల్లిగా మీ పేరుంది. దానిలో పాత ఇంటిపేరుంటే పక్కన డిక్రీ కాపీ పెడితే సరి. పాప ఇంటిపేరు కూడా మార్చాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే తర్వాత ఎవరో ఒకరు ఆ మాట అంటారు. 2022 జూలైలో సుప్రీంకోర్టు పిల్లల ఇంటిపేరు మీద ఒక మంచి తీర్పు ఇచ్చింది. మన తెలుగువాళ్ల కేసే, హైకోర్టు నుంచి పైకి వెళ్లింది. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకి తన కొత్త ఇంటిపేరు పెట్టుకుంది. చనిపోయిన తండ్రి ఇంటిపేరే ఉంచాలని, రెండో భర్తని సవతి తండ్రి అని రాయాలని హైకోర్టు అంటే, సుప్రీంకోర్టు తప్పుపట్టి, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లికి ఉందని చెప్పింది. కానీ అక్కడ తండ్రి లేడు, సంరక్షకురాలు తల్లి ఒక్కతే. మీ పాపకి తండ్రి ఉన్నాడు. ఆయన ఒప్పుకోవాలి, లేకపోతే కోర్టు చెప్పాలి. ఇప్పుడు దాన్ని కదపకండి. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, స్కూలునుంచి వెళ్లేదాకా చాలా ఏళ్లుంది. అప్పటికి ఆ పిల్లకే ఒక అభిప్రాయం ఉంటుంది, దాన్నే అడుగుదురు.

ఇంకొక్క మాట. నా దగ్గరికొచ్చే వాళ్లు కోర్టులో అడగలేక, బయట మెట్ల మీద చెవిలో అడుగుతారు: "గుళ్లో అర్చనకి గోత్రం ఏది చెప్పాలండీ?" మీరూ ఎప్పుడో ఒక రోజు అడుగుతారు. మీ నాన్నగారి గోత్రం చెప్పండి. పూజారిగారు మీరు చెప్పిందే చదువుతారు. "పుట్టింటి పేరు మాత్రం ఎవరిది, అదీ ఒక మగవాడిదే కదా" అని వాదించేవాళ్లు కూడా తగులుతారు. పలక మీద మొదటిసారి రాసుకున్నది, హాల్ టికెట్ మీద చూసుకున్నది, మాస్టారు హాజరు పిలిస్తే లేచి "ప్రెజెంట్ సార్" అన్నది ఆ పేరుతోనే. అందుకని అది మీదే అంటాను నేను.

రెండో మోషన్ రోజున మాత్రం పిటిషన్‌లో ఎలా ఉందో అలాగే, పాత సంతకమే పెట్టండి. తేడా వస్తే వాయిదా పడుతుంది. ఆ ఒక్క రోజుకి ఓర్చుకోండి.

ప్రశ్న:

అమ్మా, నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని, వయసు 68. మా పెద్దమ్మాయి భర్తతో పడక ఏడాదినుంచి మా దగ్గరే ఉంటోంది. ఇంకా కోర్టుకి వెళ్లలేదు. వచ్చే మాఘంలో మా అబ్బాయి పెళ్లి. శుభలేఖలో ఆహ్వానించువారి పేర్లలో తన పేరు మా ఇంటిపేరుతో వెయ్యమంటోంది. మా ఆవిడ, నలుగురూ చూసి ఏమనుకుంటారో, మగపెళ్లివారింటి వ్యవహారం బయటపడుతుందని ఒకటే గోల. విడాకులు కాకుండా అలా అచ్చు వేయించడం చట్టరీత్యా తప్పా? పైగా తన సర్టిఫికెట్లు కూడా అడుగుతోంది. అవి నా బీరువాలో భద్రంగానే ఉన్నాయి, పెళ్లి అయ్యాక చూద్దామన్నాను. నేను చేసింది సబబేనా?

— భీమవరం

జవాబు:

మాస్టారూ, చట్టరీత్యా తప్పేమీ లేదు. శుభలేఖ చట్టపరమైన కాగితం కాదు, విడాకులు కాకముందైనా ఆడపిల్ల పుట్టింటి పేరుతో ఉండవచ్చు. రేపు కోర్టులో ఆ కార్డు చూపించి ఎవరూ ఆమె హక్కుకి అడ్డుపడలేరు.

నలుగురి మాటకి వస్తాను. ఏడాదినుంచి అమ్మాయి మీ ఇంట్లో ఉంటే భీమవరంలో ఆ నలుగురికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్లు కార్డు అందుకుని మొదట చూసేది ఆమె పేరు ఎలా వేశారనే. భర్త ఇంటిపేరుతో వేస్తే, ఆ పెళ్లి పందిట్లో అడుగడుగునా "మీ ఆయన రాలేదేం" అన్న ప్రశ్నకి ఆ పిల్ల నిలబడి జవాబు చెప్పుకోవాలి. మీ ఇంటిపేరుతో వేస్తే, అడగదలుచుకున్నవాళ్లు మిమ్మల్ని అడుగుతారు. మీరు ఎన్నో ఏళ్లు క్లాసు ముందు నిలబడి మాట్లాడినవారు, చెప్పగలరు. అమ్మగారితో ఇదే మాట నెమ్మదిగా చెప్పండి. ఆవిడ భయం కూతురి మీద కోపం కాదు, దిగులు.

మీరు సబబేనా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను, సర్టిఫికెట్ల విషయంలో మాత్రం సబబు కాదు. పై ఉత్తరానికి ఇచ్చిన జవాబు చదివే ఉంటారు. ఆధార్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ఆమె ఏ కౌంటర్ దగ్గర నిలబడినా, తన పేరు అక్షరం అక్షరం సరిచూసుకోవడానికి ఆ పదో తరగతి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. కోర్టుకి వెళ్లాల్సి వస్తే మొదటి రోజే కావాలి. పెళ్లి పనుల్లో పడితే మీకు తీరదు, మాఘం దాకా ఆమెని ఆపకండి. ఈ పూట బీరువా తాళం తీసి, ఆ కవరు ఆమె చేతికివ్వండి.